కట్టు

మంచం దిగకు దమయంతీ,
నువ్వు దిగేవంటే నీరు నీకంటే ముందు దిగిపోద్ది.
కళ్లు తెరిసీసరికి కాలు ఎంతుందో
అదే ఈ రోజుకి దాని సన్నం.
అది జారీలోగా కట్టాల.

సూడు,
వేళ్ల మొదట్లో రెండు సుట్లు.
కండె మీద మొదటి పోగు ఎక్కినట్టు,
బిగువూ కాదు, వదులూ కాదు.
పాదం, మడమ, మళ్లీ పాదం.
ముందు సుట్టు మీద సగం ఎక్కాల ఎనక సుట్టు.
సీలమండ కాడ గట్టిగ,
పిక్కకెక్కీకొద్దీ సెయ్యి తేలిక.
తిరగేసి కట్టేవంటే
పైన పిసికీసి, పాదం కుండవుద్ది.
మొదటి నెల నాను సేసింది అదే.

నలభయ్యేళ్లు వాలుగ సేప దవడతో
పత్తి దువ్విన సెయ్యి ఇది,
నూరో నంబరు నూలు తెగకుండ తీసిన సెయ్యి.
ఎస్తేరమ్మ సిస్టరు ఈ కట్టు తెచ్చిన రోజున
రెండు వేళ్ల మద్దిన పెట్టి లాగి సూసేను.
సాగింది. ఒగ్గీగానే ఎనక్కొచ్చీసింది.
ఇదేటి గుడ్డమ్మా, సెప్పిన మాటినీసే గుడ్డ, అన్నాను.
మన పొందూరు నూలుకి ఆ బుద్ది లేదు.

అంతకుముందు ఏటేటి సెయ్యలేదు!
ఆకులు కట్టేను, ఉప్పు కాపడం పెట్టేను,
ఎవలో సెప్తే వాత పెట్టించుకున్నాను,
ఇదిగో ఆ మచ్చ.
కుచ్చిళ్లు బెత్తెడు దించి కట్టీదాన్ని,
వీధిలో మట్టంతా నా సీరే తుడిసేది.
ఎవలూ సూడలేదనుకున్నాను.
అందరూ సూసేరు. అడగలేదు, అంతే.

ఒకపాలి రాజాంలో
మా తోటికోడలి కొడుకు పెళ్లి.
నలుగురిలో కట్టేటని ఇంట్లో ఒగ్గీసెల్లేను.
మూడు రోజులు పీటల కాడా పొయ్యి కాడా నిలబడ్డాను.
నాలుగోనాడు సలి.
మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటక,
కాలు కాలిన పెనం.
అలగ జొరమున్నప్పుడు కట్టకూడదు, గుర్తెట్టుకో.
పడుకుని కాలెత్తు, సిస్టరుకి కబురెట్టు.

రాట్నం ఎనక గోడ సూడు, సుద్ద గీతలు.
పదిహేడున్నర. పదిహేడు. పదహారూ ముప్పావు.
అక్కడ పెళ్లి:
పద్దెనిమిదీ ముప్పావు.
ఏడాదిన్నర పట్టింది ఒక్క అంగుళం దింపడానికి.
రెండోది అలగే కూకుంది, సుట్టంలాగ.
పూర్తిగ పోద్దా అనడుగుతున్నావు.
పోదు. పొద్దున్నే నీకు అబద్దమెందుకు సెప్తాను?

నీది మగ్గం పని.
గుంటలో కాళ్లు దించి తొక్కుతావు. తొక్కు, మంచిదే,
కట్టుతో తొక్కితే ఆ తొక్కుడే
నీటిని పైకి తోస్తాదంది సిస్టరు.
గంటకోపాలి పైకెక్కి కాలు సాపు.

రేత్రి విప్పీసి సబ్బుతో కడిగి
వేళ్ల సందులు పాత పంచె ముక్కతో అద్దు,
రుద్దకు, అద్దు.
తడుంటే పుండు, పుండైతే మళ్లీ సలిజొరం.
మంచం కాళ్లేపు రెండిటికలు
మా ఆయన పెట్టేడు.
మొదటి రేత్రి ఇద్దరం తలేపుకి జారిపోయేం.
నవ్వలేక సచ్చేం, పక్కింటోలు లేసొచ్చేరు.

నిన్న సంఘం గుమస్తా వచ్చి
పంచలో ఆరేసిన కట్టు సూసి
వేళ్లతో నలిపి, ఇదే నంబరు నూలు,
ఎవలు నేసేరు, అన్నాడు.
ఎండలో ఎయ్యకూడదు బావూ, నీడలో ఒగ్గీ, అన్నాను.
ఇంకేటీ సెప్పలేదు.

ఇప్పుడు నువ్వు కట్టు.
నా కాలు కాదు, నీ కాలు.
గోళ్లు నీలంగైతే బేగి విప్పీ.
ఊఁ...
ఉండుండు,
మడమ కాడ సందు ఒగ్గీసేవు.
మళ్లీ మొదట్నించి.